మళ్ళీ రాని బేరం

జలాన్ బెసార్ పక్కసందులో ఓంగ్ గారి రేడియో దుకాణానికి రెండు కౌంటర్లు. లోపలికి అడుగు పెట్టగానే ఎడమచేతి వైపు సీబీ రేడియోలు, కుడిచేతి వైపు హ్యామ్ రేడియోలు. కుడి కౌంటర్ ఓంగ్ గారి బావమరిది హెన్రీది. ఎడమ కౌంటర్ మన గురునాథానిది. సెంబవాంగ్‌లో పుట్టి పెరిగి, నేవల్ బేస్‌లో పనిచేసిన తండ్రి దగ్గర తెలుగూ, వీధిలో మలయ్, కోపీ కొట్లో, అంటే కాఫీ హోటల్లో, చైనావాళ్ళ హొక్కియన్ నేర్చుకున్న మనిషి. నోరు మంచిది కాబట్టి ఓంగ్ గారు ఏరి కోరి తెచ్చుకున్నారు. అప్పటికింకా గురునాథానికి జుట్టుండేది.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. సీబీ అంటే సామాన్యుడి రేడియో. పరీక్షలూ పట్టాలూ అక్కర్లేదు. మీట నొక్కితే మాట్లాడొచ్చు, వదిలితే వినొచ్చు. టాక్సీ వాళ్ళూ లారీల వాళ్ళూ కొనేవారు. దాని మాట ఈ దీవి దాటి పోదు. హ్యామ్ రేడియో అలా కాదు. ముందు పరీక్ష రాయాలి. పాసైతే సర్కారు వారు ఒక కాల్‌సైన్ ఇస్తారు. అక్షరాలూ అంకెలూ కలిసిన పేరన్నమాట. దాన్ని హ్యాములు తల్లిదండ్రులు పెట్టిన పేరు కన్నా ఎక్కువగా చూసుకుంటారు. గురునాథం దాన్ని "కారు నంబరు" అనేవాడు. కానీ ఆ నంబరున్నవాడి మాట సముద్రాలు దాటి పోతుందని ఒప్పుకునేవాడు.

అసలు తేడా బేరంలో ఉంది. సీబీ కొనేవాడు వస్తాడు, "పని చేస్తుందా?" అంటాడు, చంకన పెట్టుకుని పోతాడు. అంతే! మళ్ళీ మొహం చూపించడు. ఎందుకు చూపిస్తాడు? డబ్బా చెడదు, కింద పడ్డా చావదు. చట్టం ఇన్ని చానళ్ళే, ఇంత శక్తే అని గీత గీసేసింది కాబట్టి కంపెనీవాడు కొత్తగా చేసేదీ లేదు. పోయినేడు నల్లరంగు పూసిన డబ్బాకే ఈ యేడు బూడిదరంగు పూసి కొత్త మోడల్ అంటాడు. హ్యాము సంగతి వేరు. చిన్న ప్లగ్గు కోసమని వచ్చి శనివారమంతా హెన్రీ కౌంటర్ దగ్గరే కూర్చుంటాడు. ఏటా లావుపాటి కేటలాగు వస్తుంది, దాన్ని పెళ్ళిచూపుల ఫోటోల్లా తిప్పి తిప్పి చూస్తాడు. కొత్తది కొంటాడు, పాతది అమ్ముతాడు, ఆర్నెల్లకి ఆ అమ్మిందే మంచిదని ఏడుస్తాడు. హ్యాములు గుప్పెడు మందే. కానీ ఒక్కొక్కడూ పది బేరాల పెట్టు.

ఇంతలో రెండువేల సంవత్సరం వచ్చింది. రాఫెల్స్ ప్లేస్‌లో రైలు దిగిన ప్రతివాడి చేతిలో ఫోను. టాక్సీ వాళ్ళ చేతుల్లోనూ ఫోనే. గురునాథం కౌంటర్ మీద ఈగలు కూడా వాలడం మానేశాయి. ఒకరోజు ఓంగ్ గారు కోపీ తాగుతూ, అదేదో వాతావరణం గురించి మాట్లాడుతున్నట్టు, మాట చివర అలవాటుగా ఒక 'లా' తగిలించి చెప్పేశారు.

"గురు, చైనీస్ న్యూ ఇయర్ దాకా చూద్దాం. తర్వాత నీ వైపు ఫోను కవర్లు పెడదాం లా. నువ్వే అమ్ము. జీతం అదే."

జీతం అదే కావచ్చు. గురునాథానికి మాత్రం కావలసింది జీతమొక్కటే కాదు. ఎరుపు, పసుపు, పూలపూల ఫోను చొక్కాలు అమ్ముకుంటూ ముసలివాడు కావాలా? ఇన్నేళ్ళూ మనిషికీ మనిషికీ మధ్య మాట అమ్మినవాడు ఇప్పుడు గుడ్డముక్కలు అమ్మాలా? ఇంటికి వెళ్ళి భార్య భ్రమరాంబతో ఆ మాటే అన్నాడు. ఆవిడ అనకాపల్లి నుంచి కోడలిగా వచ్చిన మనిషి, బెల్లం ఊరు కాబట్టి తీపి కబుర్లు చెబుతుందనుకుంటే పొరపాటు.

"పోనీ ఒక్కరోజైనా ఆ రేడియోని నా చేతికిచ్చారా మీరు? ఇంట్లో ఆడదానికే పనికిరాని వస్తువు ఊళ్ళో ఎవరికి పనికొస్తుంది?" అంది.

ఇంతలో దేవుడు ఉపేంద్ర రూపంలో వచ్చాడు. ఉపేంద్ర సాఫ్ట్‌వేర్ కుర్రాడు, రాఫెల్స్ ప్లేస్‌లో ఏదో బ్యాంకు కంప్యూటర్లు చూస్తాడు. కార్తీక వనభోజనాల కమిటీకి ఆ యేడు కార్యదర్శి. భోజనాలు పులావ్ ఉబిన్‌లో పెట్టుకున్నారు. పడవ మీద వెళ్ళాల్సిన చిన్న దీవి. రేవు దగ్గరొకరు, వంటల దగ్గరొకరు, ఆటల దగ్గరొకరు, సైకిళ్ళేసుకుని అడవిలోకి పోయే పిల్లల వెనకాలొకరు ఉండాలి. చెట్ల మధ్య ఫోన్లు సరిగ్గా అందడం లేదని ముందే చూసి వచ్చారు. ఉపేంద్ర తిన్నగా హెన్రీ కౌంటర్‌కి వెళ్ళాడు, మెరుస్తున్నవి అక్కడే ఉన్నాయి మరి.

"కాల్‌సైన్?" అన్నాడు హెన్రీ.

"అంటే?"

హెన్రీ గడ్డంతో ఎడమ కౌంటర్ వైపు చూపించాడు.

గురునాథం చేతిలో ఇమిడే సీబీ సెట్లు తీసి వరసగా పేర్చాడు. మాట కలిశాక ఉపేంద్ర వాళ్ళది రాజమండ్రి అని తేలింది. గురునాథం ఎప్పుడూ చూడని రాజమండ్రి గురించి అడిగి అడిగి చెప్పించుకున్నాడు. సెట్లు కొనుక్కుని వెళ్ళేటప్పుడు ఉపేంద్ర, "అంకుల్, ఇవి బాగా పనిచేస్తే చాలు, మన అసోసియేషన్ వాళ్ళు ప్రతి ఫంక్షన్‌కీ మీ దగ్గరికే వస్తారు. మిగతా అసోసియేషన్లకి కూడా నేనే చెప్తాను" అన్నాడు. ఓంగ్ గారు విన్నారు. సరే, చూద్దాం అన్నట్టు తలూపారు. గురునాథం ఆ పూట తలకి టైగర్ బామ్ రాసుకోకుండా నిద్రపోయాడు.

నాలుగు రోజులు తిరక్కుండా సెట్లన్నీ సంచీలో వెనక్కొచ్చాయి.

"ఏం చెప్పమంటారు అంకుల్! బుకిట్ పంజాంగ్‌లో మా బ్లాక్ కింద ఖాళీగా ఉండే వాయిడ్ డెక్‌లో ట్రయల్ వేశాం. ఒక్క మాట వినపడితే ఒట్టు. కీచుకీచుమని అరుపులే. ఒకళ్ళు మాట్లాడ్డం మొదలెట్టగానే కీచు! ఇవి డిఫెక్ట్ పీసులు అంకుల్, ఏమీ అనుకోకండి" అన్నాడు ఉపేంద్ర.

ఓంగ్ గారి మొహం ముడుచుకుపోయింది. గురునాథం ఒక సెట్టు, హెన్రీ ఒక సెట్టు పట్టుకుని వీధి ఈ చివరా ఆ చివరా నిలబడి పరీక్షించారు. గంట మోగినట్టు వినపడింది. ఒక్కొక్కటే అన్నీ చూశారు. అన్నీ బంగారమే. "సెట్లు బాగానే ఉన్నాయి. మీ మనుషుల్లోనే ఏదో లోపం" అని హెన్రీ నవ్వాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే.

గురునాథం రెండు సెట్లు ఇంటికి పట్టుకెళ్ళాడు. ఒకటి భ్రమరాంబ చేతికిచ్చి కింద పిల్లల ఉయ్యాలల దగ్గర నిలబడమన్నాడు. తను మూడో అంతస్తు వరండాలో నిలబడ్డాడు. మీట నొక్కి దుకాణంలో జరిగిందంతా మొదటి నుంచీ చెప్పుకొచ్చాడు. చెప్పడం అయ్యాక "విన్నావా?" అని అడిగి మీట వదిలాడు.

"ఏదీ, హెన్రీ నవ్వాడు అన్నదొక్కటే తిన్నగా వినపడింది. అంతకుముందంతా ముక్కలు ముక్కలుగా వచ్చింది. మీ డబ్బా పాడైపోయిందండీ!" అంది ఆవిడ.

గురునాథం మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి మాట్లాడుతూనే వరండా గోడ మీంచి వంగి కిందకి చూశాడు. అప్పుడు దొరికింది దొంగ. తను వాక్యం పూర్తి చేసేసరికల్లా భ్రమరాంబ తల ఊగుతోంది, బొటనవేలు మీట మీద పడుతోంది, "ఊ" అంటోంది. తను ఇంకో ముక్క అంటాడు, వేలు పడుతుంది, "ఊ". మీట నొక్కినంతసేపూ ఆవిడ డబ్బాకి చెవులుండవు. ఆవిడ ఊ కొట్టిన ప్రతిసారీ ఆయన మాట గాలిలో కలిసిపోతోంది. ఇక్కడ ఇద్దరు కాబట్టి ముక్కలైనా వినపడ్డాయి. బుకిట్ పంజాంగ్‌లో ఒకరు చెబుతుంటే డజను మంది ఒక్కసారి ఊ కొట్టి ఉంటారు. ఒకే చానల్ మీద అందరూ నొక్కితే కీచుమనక పాట పాడుతుందా? పిల్లని చంకన పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది గురునాథం పని. చైనా టాక్సీ డ్రైవర్లతో మాట్లాడి మాట్లాడి, ఆయన వేలు ఎప్పుడో ఊ కొట్టడం మానేసింది. అందుకే ఇన్నేళ్ళూ తట్టలేదు.

"ఊ కొట్టకే భ్రమరా!" అని గురునాథం రేడియో మర్చిపోయి వరండాలోంచే అరిచాడు. పక్క ఫ్లాట్ మలయ్ మామ్మగారు కిటికీ తీసి చూసింది.

"కొట్టకపోతే వింటున్నానని మీకెలా తెలుస్తుంది? గోడతో మాట్లాడుకుంటారా?" అని భ్రమరాంబ కిందనుంచి అరిచింది.

నిజమే కదా! తెలుగువాడికి ఎదుటివాడు ఊ కొట్టకపోతే మాట ముందుకు సాగదు. కథ చెప్పే అమ్మమ్మ కూడా "ఊ కొట్టు, లేకపోతే ఆపేస్తాను" అంటుంది. ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు ఒక రేడియో వచ్చి మానుకోమంటే మానుతుందా? కనక ఊ మాన్పించే పని పెట్టుకోలేదు గురునాథం. "ఊ నోటితో కొట్టు, వేలితో కొట్టకు" అన్నాడు. భ్రమరాంబకి అది రావడానికి రెండు రోజులు పట్టింది. వచ్చాక మాత్రం ఆవిడ పాఠం నేర్చుకోవడం మాని పాఠం చెప్పడం మొదలుపెట్టింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు.

ఆ ఆదివారం ఇద్దరూ సంచీ మోసుకుని బుకిట్ పంజాంగ్ వెళ్ళారు. వాయిడ్ డెక్‌లో వాలంటీర్లందరూ చేరారు. ఉపేంద్ర, అతని ఆఫీసులోనే పనిచేసే కల్పన, ఇంకా ఐటీ వాళ్ళు కొందరు. వాళ్ళతోపాటు వంటపాత్రలు మోయడానికి సాయం వస్తానన్న పెద్దిరాజు. పెద్దిరాజుది టెక్కలి దగ్గర పల్లె. షిప్‌యార్డులో వర్క్ పర్మిట్ మీద పనిచేస్తాడు. సెలవున్న ఆదివారం మనుషుల్లో కూర్చోవచ్చని వచ్చాడు.

భ్రమరాంబ స్తంభం వెనక్కి వెళ్ళి సెట్టు పట్టుకుంది.

"నేనొక కథ చెబుతా. అందరూ ఊ కొట్టాలి. కానీ ఎవరి వేలు మీట మీద పడుతుందో వాళ్ళు ఆటలోంచి అవుట్. అవుటైనవాళ్ళు వనభోజనం నాడు గిన్నెలు తోమాలి!"

రాజుగారి ఏడో కొడుకు ఇంకా వేటకి బయల్దేరనే లేదు, సగం మంది అవుటయ్యారు. ఉపేంద్ర మొదటి ఊకే పోయాడు. కల్పన రెండు చేతులతో సెట్టుని పట్టుకుని, వేలు మీటకి దూరంగా చాపి, గట్టిగా నోటితోనే "ఊ, ఊ" అంటుంటే చూసినవాళ్ళు పడీపడీ నవ్వారు. రెండోసారి ఆడారు, మూడోసారి ఆడారు. ఎదురు బ్లాక్‌లోంచి చైనా తాతగారొకాయన వచ్చి, అర్థం కాకపోయినా కథంతా విన్నాడు. చీకటి పడేవేళకి కీచుమన్నవాడు లేడు.

వనభోజనం రోజు ఉబిన్ దీవి అంతా మాటలే. "రేవు నుంచి వంటకి, పులిహోర పడవ వచ్చింది" అంటే, వంట దగ్గరి కల్పన ఆగి, విని, అప్పుడు నొక్కి, "వంట నుంచి రేవుకి, అప్పడాలు ఏవీ?" అనేది. గురునాథం ఓంగ్ గారినీ హెన్రీనీ కూడా మకాన్‌కి, అంటే భోజనానికి, పిలిచాడు. మధ్యాహ్నం ఎదురు ఒడ్డున ఉన్న జోహోర్ వైపు నుంచి మబ్బు కమ్మింది. రేవులో ఉన్న పెద్దిరాజు ముందు చూసి సెట్టులో చెప్పేశాడు. "వంటకీ, ఆటలకీ, అందరికీ! వాన వచ్చేస్తంది, పిల్లల్ని పట్టుకుని పాకలోకి ఎల్లిపోండి!" అడవిలో ఉన్న సైకిళ్ళు కూడా వాన పడకముందే చేరాయి. ఒక్క హెన్రీ తడిసి ముద్దయి వచ్చాడు. సీబీ సెట్టిస్తే ఆటబొమ్మలని పుచ్చుకోకుండా పోయాడు మరి.

పాకలో ఆకు ముందు కూర్చుని, ఓంగ్ గారు పులిహోర రెండోసారి వడ్డించుకున్నారు.

"గురు, నీ సెట్లు భలే ఉన్నాయి. నిజం చెప్పు. వీళ్ళు మళ్ళీ కొంటారా?"

గురునాథం దగ్గర అబద్ధం సిద్ధంగానే ఉంది. ఉపేంద్ర ఇచ్చిన మాటే అప్పజెప్పేస్తే సరిపోతుంది. కానీ ఇన్నేళ్ళు అన్నం పెట్టిన మనిషి అడుగుతున్నాడు. పైగా సెట్ల సంగతి తనకి తెలుసు. అవి ఇంకో పదేళ్ళు నవనవలాడుతూ ఉంటాయి. కావలసిన అసోసియేషన్ వాళ్ళు ఇవే అరువు తీసుకుంటారు.

"కొనరు బాస్. నా సరుకు చెడదు. అదే దాని జబ్బు" అన్నాడు. అనేశాక మంచినీళ్ళు తాగాడు. తాగి, మళ్ళీ అన్నాడు. "కానీ చూడండి, ఎవరైనా సెట్టు కింద పెడుతున్నారేమో? మాట రుచి మరిగారు. ఇందాక కల్పన ఇది రాజమండ్రి దాకా పోతుందా అని అడిగింది. పోదు, దానికి హెన్రీ డబ్బా కావాలి, పరీక్ష కావాలన్నాను. అయితే నేర్పించండి అంకుల్ అన్నారు అందరూ. నా కౌంటర్ మొదటి మెట్టు, హెన్రీది రెండోది. మొదటి మెట్టు పీకేస్తే రెండోది ఎవరెక్కుతారు?"

ఓంగ్ గారు నవ్వారు. "ఎవరు నేర్పుతారు? నీకే లైసెన్సు లేదు లా!"

"ఆయన రాస్తారు" అంది వెనకనుంచి భ్రమరాంబ, అప్పడం వడ్డిస్తూ.

"సరే. పరీక్ష పాసవ్వు. శనివారాలు క్లాసు పెట్టు. న్యూ ఇయర్ లోపల నీ బేరాల్లో మళ్ళీ వచ్చినవాణ్ణి ఒక్కణ్ణి చూపించు. కౌంటర్ నీది. లేకపోతే కవర్లు."

గురునాథం ఆ వయసులో పుస్తకం పట్టాడు. కరెంటు శాస్త్రం చెప్పిన ఓమ్ గారి సూత్రాలూ అలల పొడవులూ బట్టీ పట్టాడు. భ్రమరాంబ ప్రశ్నలడిగేది. హెన్రీ, తడిసిన రోజు నుంచి కాస్త మెత్తబడి, తప్పులు దిద్దేవాడు. పరీక్ష రాశాడు, పాసయ్యాడు. కాల్‌సైన్ రాగానే కారు నంబరు అన్న నోటితోనే దాన్ని రోజంతా జపం చేశాడు. సిగ్గు కూడా పడలేదు.

దుకాణం వెనక కుర్చీలు వేసి క్లాసు మొదలుపెట్టాడు. మొదటి శనివారం ఉపేంద్ర ఫోను చేశాడు, "సారీ అంకుల్, రిలీజ్ ఉంది." రెండో శనివారం కల్పన చేసింది, "క్లయింట్ వచ్చాడు అంకుల్." మూడో శనివారం ఫోను కూడా లేదు. మనవాళ్ళ ఆరంభశూరత్వం గురునాథానికి కొత్త కాదు. అయినా మనసుకి తెలియాలిగా! ఖాళీ కుర్చీలు చూస్తే ఏడుపొచ్చేది. న్యూ ఇయర్‌కి ఎర్ర దీపాలు కట్టారు. ఫోను కవర్ల డబ్బాలు రానే వచ్చి, ఎడమ కౌంటర్ పక్కన ఛాతీ ఎత్తున నిలబడ్డాయి. గురునాథం తన సెట్లు ఒక్కొక్కటీ తుడిచి అట్టపెట్టెల్లో సర్దడం మొదలుపెట్టాడు. ఆఖరి శనివారం అది.

తలుపు గంట మోగింది. పెద్దిరాజు వచ్చాడు. తలకి నూనె రాసుకుని పాపిడి తీసుకున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గుమ్మంలోనే ఆగాడు.

"రావయ్యా, ఏం కావాలి?" అన్నాడు గురునాథం, దుకాణదారు కాబట్టి అలవాటు చొప్పున.

"కొనడానికి రాలేదండి. ఆ రోజు దీవిలో అందరితోటీ మాటాడినాను కదండీ... ఈ దేశమొచ్చాక అంతమందితో మాటాడింది ఆ ఒక్క రోజేనండి. క్లాసని చెప్పినారు కదా. ఓటీ మానేసి ఒచ్చినాను. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రమండి. ఊరికే కూకుని ఇంటాను. రావొచ్చాండి?"

గురునాథం చేతిలో సెట్టుని అట్టపెట్టెలో కాకుండా మళ్ళీ కౌంటర్ మీద పెట్టాడు. గల్లా దగ్గర్నుంచి ఓంగ్ గారు మెడ సాచి చూశారు.

"గురు, ఏం కొంటాడట?"

"ఏమీ కొనడు బాస్" అన్నాడు గురునాథం. కళ్ళు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు. "మళ్ళీ వచ్చాడు."

ఓంగ్ గారు పెద్దిరాజు కేసి చూశారు. కవర్ల డబ్బాల కేసి చూశారు. హెన్రీని పిలిచి, వాటిని మేడమీదకి చేర్చమన్నారు. తర్వాత కోపీ కొట్టుకి ఫోను చేసి, ఈ పూట ఒకటి ఎక్కువ పంపమని చెప్పారు.